నిత్యత్వ దృష్టి (క్రైస్తవం)

ఇహలోక జీవితాన్ని నిత్యజీవపు వెలుగులో చూస్తూ ధనాన్ని, కాలాన్ని, శ్రమలను అందుకు తగినట్టు లెక్కగట్టే క్రైస్తవ జీవన విధానం. క్రీస్తు పునరుత్థానంపై విశ్వాసమే దీనికి పునాది. కొండమీది ప్రసంగం (మత్తయి 6:19–21), అపొస్తలుడైన పౌలు రాసిన రెండవ కొరింథీ పత్రిక (4:16–18) ముఖ్య ఆధారాలు. దెబ్బలు, చెరసాలలు, ఓడ పగిలిన ఆపదలు చవిచూసిన పౌలు తన శ్రమలను క్షణమాత్రమైనవిగా ఎంచాడు.

410లో రోమ్ కొల్లగొట్టబడ్డాక క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ‘దేవుని నగరం’ అనే గ్రంథం రాసి, విశ్వాసులు ఈ లోకంలో యాత్రికులని బోధించాడు. అమెరికన్ బోధకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ 1722–23లో రాసుకున్న 70 తీర్మానాలలో తన మరణాన్ని తరచూ తలచుకోవాలన్నది ఒకటి. వాటిని వారానికోసారి చదువుకోవాలని కూడా నియమం పెట్టుకున్నాడు.

ఈ దృష్టి లోకాన్ని విడిచి పారిపోవడం కాదు. మత్తయి 25వ అధ్యాయం ప్రకారం ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగులను పరామర్శించడం అంత్యతీర్పులో లెక్కకు వస్తాయి.