గోదాములతో గెలిచిన కోట: ఫోర్ట్ యూనియన్ చరిత్ర

కోట అనగానే మనకు బురుజులు, ఫిరంగులు గుర్తొస్తాయి. ఈసారి మేము రాస్తున్న కోటకి అసలు బలం గోదాములు.

న్యూ మెక్సికో ప్రాంతాన్ని అమెరికా 1848లో మెక్సికో నుంచి యుద్ధం చేసి తీసుకుంది. అక్కడ తరాలుగా బతుకుతున్న అపాచీలని, యూట్‌లని, నవాహోలని ఎవరూ అడగలేదు. 1851లో శాంటా ఫే బండ్ల బాట మీద సైన్యం ఫోర్ట్ యూనియన్ కట్టింది. పిండి, బూట్లు, దుప్పట్లు, మందుగుండు అన్నీ తూర్పు నుంచి ఎడ్ల బండ్ల మీద వందల మైళ్లు వచ్చేవి. ఇక్కడ దించి, లెక్క రాసుకుని, మిగతా కోటలకు పంపేవాళ్లు. 1863లో పచ్చి ఇటుకలతో మొదలుపెట్టిన కొత్త కోటలో సైనికుల కంటే డిపోలో పనిచేసే కూలీలు, కమ్మరులు, వడ్రంగులు, బండివాళ్లే ఎక్కువ.

సరుకు ఎంత ముఖ్యమో సైన్యానికి బాగా తెలుసు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేన ఈ కోటని పట్టుకోవాలని వచ్చింది. 1862 మార్చి 28న గ్లోరియెటా కనుమలో ఒకపక్క పోరు జరుగుతుండగానే ఉత్తరాది దళం ఒకటి కొండ మీదుగా వెళ్లి వాళ్ల సరుకు బండ్లన్నీ తగలబెట్టింది. తిండి లేక ఆ సేన వెనక్కి పోయింది.

ఆ మరుసటి ఏడాది ఇదే పద్ధతి నవాహోల మీద వాడారు. ఫోర్ట్ యూనియన్ సరుకు తిన్న సైన్యం, నవాహోల తిండిని కాల్చింది. కిట్ కార్సన్ దళాలు మొక్కజొన్న చేలు తగలబెట్టి, గొర్రెల్ని పట్టుకుపోయాయి. కేనియన్ డి షెలీలో పీచ్ చెట్లు కూడా నరికేశారు. ఆకలికి లొంగిపోయిన వేలమందిని 300 మైళ్లకు పైగా బోస్కే రెడోండోకి నడిపించారు. దారిలో ఎంతోమంది చనిపోయారు. అక్కడ వేసిన పంటని పురుగు తినేసింది, తాగే నీళ్లు ఉప్పన. తమ గింజలు తామే పండించుకున్న జనం రేషన్ టికెట్ పట్టుకుని లైన్లో నిలబడ్డారు.

అయినా వాళ్లు తమ నేలనే అడిగారు. 1868 జూన్ 1 ఒప్పందంతో తిరిగి వెళ్లారు.

1879లో రైలు రావడంతో బండ్ల బాట పని అయిపోయింది. 1891లో కోట మూసేశారు. ఇప్పుడక్కడ వానకు కరిగిన మట్టిగోడలు, బండి చక్రాల జాడలు మిగిలాయి. నవాహోలు మాత్రం తమ నేల మీదే ఉన్నారు.

మిత్రులారా, సెలవులకి ఊరెళ్లినప్పుడు పెద్దోళ్లని పోరాటాల గురించి అడుగుతాం కదా. ఆ రోజుల్లో ఏం తిన్నారో, గింజలు ఎక్కడ దాచుకున్నారో, ఎవరు లాక్కున్నారో కూడా అడిగి రాసుకుందాం. అదీ మన చరిత్రే.