అడగని ప్రశ్న: తిరుత్తణి

చిత్తూరు జిల్లా సరిహద్దు వివాదాన్ని మనం నాయకుల చరిత్రగానే చదువుకున్నాం. తిరుపతి తమిళులదేనని మ.పొ. శివజ్ఞానం ఉద్యమించాడు, ఆంధ్రులు ప్రతిఘటించారు. పటాస్కర్ తీర్పు గ్రామాన్ని యూనిట్‌గా, భాషాధిక్యతను ప్రాతిపదికగా తీసుకుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది; సత్యవేడు మనకు వచ్చింది.

1948లో జునాగఢ్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఇక్కడ జరగలేదు. జనాభా లెక్కల్లోని మాతృభాషే రైతు ఓటయింది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడే మనిషి అభీష్టం ఆ లెక్కలో ఎక్కడుంది? నీరు, కౌలు, కూలిరేటు అతని ప్రశ్నలు కావా?

అడగనివాడి మౌనాన్ని పాలకులు అంగీకారమంటారు. చరిత్రకారులు ఉదాసీనత అంటారు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. సరిహద్దు సాహిత్యాన్ని పరిశీలించే విద్యార్థులు ఉపన్యాసాల దగ్గరే ఆగిపోకూడదు. ఆ రెండు భాషల మనిషి మాటను వెతకాలి.