తొలినాటి చౌక డిజిటల్ కెమెరా: యజమానుల అనుభవం, ఛాయాచిత్ర భద్రత - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
1990ల మధ్యలో సామాన్య కొనుగోలుదారు కోసం వచ్చిన తక్కువ ధర డిజిటల్ కెమెరాలు ఛాయాచిత్రం తీసే ఖర్చును దాదాపు లేకుండా చేశాయి. అదే సమయంలో చిత్రాన్ని దాచే బాధ్యతను స్టూడియో, ల్యాబ్‌ల నుంచి తప్పించి యజమాని మీద పెట్టాయి. ఆపిల్ క్విక్‌టేక్ 100 (1994), కేసియో క్యూవీ-10 (1995) కెమెరాలను ప్రధాన ఉదాహరణలుగా తీసుకుని, వాటిని కొన్నవారికి ఎదురైన అనుభవ స్వరూపాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ మార్పు తెలుగువారి ఛాయాచిత్ర సంబంధమైన మాటల్లో ఎలా కనిపిస్తుందో, కుటుంబ చిత్రాలను ఆధారాలుగా వాడే పరిశోధకులు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చర్చిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ కెమెరా, ఛాయాచిత్రం, క్విక్‌టేక్ 100, క్యూవీ-10, పిక్సెల్, ప్రేరణార్థకం, భద్రపరచడం.

1. ఉపోద్ఘాతం:
ఈ అంశం మీద నాకు ఆసక్తి కలగడానికి మా ఇంటి అనుభవమే కారణం. 2004లో మా మేనమామ అమెరికా నుంచి వస్తూ రెండు మెగాపిక్సెళ్ల చౌక కెమెరా ఒకటి తెచ్చాడు. ఆ సంక్రాంతికి మా అమ్మమ్మను దానితో చాలా ఫోటోలు తీశాం. ఆమెకు అదే చివరి సంక్రాంతి. ఫోటోలన్నీ ఒక సీడీలోకి ఎక్కించి బీరువాలో భద్రంగా పెట్టాం. పదేళ్ల తర్వాత తీసి చూస్తే ఆ సీడీని ఏ కంప్యూటరూ చదవలేదు. అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో స్టూడియోలో దిగిన నలుపు తెలుపు ఫోటో మాత్రం ఇప్పటికీ గోడ మీద ఉంది. యాభై ఏళ్ల నాటి చిత్రం నిలిచి, పదేళ్ల నాటి చిత్రం పోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

దీనికి సమాధానం మా ఇంటి కెమెరాకు దశాబ్దం ముందు, అమెరికా, జపాన్ మార్కెట్లలోకి వచ్చిన తొలి చౌక డిజిటల్ కెమెరాల చరిత్రలో దొరుకుతుంది. అందువల్ల ముందుగా ఆ కెమెరాలను పరిశీలించి, ఆ తర్వాత తెలుగువారి అనుభవానికి వస్తాను.

2. 'చౌక' అన్న మాటకు అర్థం:
సామాన్యుడి చేతికి కెమెరా అందించిన తొలి ప్రయత్నాల్లో 1900లో కోడాక్ సంస్థ విడుదల చేసిన బ్రౌనీ ముఖ్యమైనది. దాని ధర ఒక డాలరు. అయితే కెమెరా చౌక అయినంత మాత్రాన ఫోటో చౌక కాలేదు. ఫిల్ముకు, దాన్ని కడిగించడానికి, అచ్చు వేయించడానికి ప్రతిసారీ ఖర్చయ్యేది. కెమెరా కొన్నవాడు జీవితాంతం ఫిల్ము కొంటూనే ఉండాలి. దాదాపు ఒక శతాబ్దం పాటు ఛాయాచిత్ర పరిశ్రమ ఈ సూత్రం మీదే నడిచింది.

డిజిటల్ కెమెరా ఈ లెక్కను తిరగవేసింది. 1991లో వృత్తి ఛాయాగ్రాహకుల కోసం కోడాక్ తెచ్చిన డీసీఎస్ కెమెరా ధర 20,000 డాలర్ల స్థాయిలో ఉండేది. ఆ లెక్కన 1994లో 749 డాలర్లకు వచ్చిన ఆపిల్ క్విక్‌టేక్ 100, 1995లో 65,000 యెన్లకు వచ్చిన కేసియో క్యూవీ-10 చౌకవే. సాధారణ ఫిల్ము కెమెరా ధరతో పోలిస్తే మాత్రం అవి చాలా ఖరీదు. కానీ కొన్న తర్వాత బ్యాటరీలు తప్ప ఒక్కొక్క ఫోటోకు ప్రత్యేకంగా పెట్టవలసిన ఖర్చు లేదు. 'చౌక' అన్న మాట కెమెరా ధరను వదిలి, ఫోటో తీయడమనే చర్యకు అన్వయించడం ఇక్కడ మొదలైంది.

3. పూర్వరంగం:
1969లో బెల్ ప్రయోగశాలల్లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ అనే పరికరం కాంతిని విద్యుదావేశంగా మార్చి నమోదు చేయడానికి మార్గం చూపింది. ఇందుకు వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేసిన నమూనా కెమెరా దాదాపు 3.6 కిలోల బరువుండేది. 100×100 పిక్సెళ్ల నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఆ చిత్రాన్ని చూడటానికి వేరే యంత్రం, టీవీ కావలసి వచ్చేవి.

1990లో వచ్చిన డైకామ్ మోడల్ 1 కెమెరా 1 మెగాబైటు మెమరీలో 32 నలుపు తెలుపు చిత్రాలను దాచేది. కెమెరాలోని బ్యాటరీ పూర్తిగా అయిపోతే, కంప్యూటరులోకి ఎక్కించని చిత్రాలన్నీ చెరిగిపోయేవి. ఫిల్ముకు ఇటువంటి ప్రమాదం లేదు. ఒకసారి వెలుగు సోకి బొమ్మ పడిన ఫిల్ము, కెమెరా పాడైనా తన పని తాను చేస్తుంది. చిత్రం ఉనికి బ్యాటరీ మీద ఆధారపడటం ఛాయాచిత్ర చరిత్రలో కొత్త పరిస్థితి.

4. యజమాని చేతిలో రెండు కెమెరాలు:
4.1 క్విక్‌టేక్ 100:
ఆపిల్ పేరుతో అమ్మిన ఈ కెమెరాను తయారుచేసింది కోడాక్. దీని 1 మెగాబైటు మెమరీలో 640×480 పిక్సెళ్ల చిత్రాలు 8, లేదా 320×240 పిక్సెళ్ల చిత్రాలు 32 పట్టేవి. 36 ఫోటోల రీలుకు అలవాటుపడిన యజమానికి 8 చిత్రాలంటే ఒక పుట్టినరోజు వేడుకకు కూడా చాలవు. తీసిన చిత్రాన్ని చూసుకునే తెర దీనికి లేదు. బాగా రాని ఒక్క చిత్రాన్ని మాత్రమే తీసివేసే వీలూ లేదు. చెరిపితే అన్నీ చెరపాలి. అంటే ఫిల్ము కెమెరాలోని అనిశ్చితి అలాగే ఉండి, ఫిల్ములోని స్పష్టత మాత్రం పోయింది. అయినా కంప్యూటరుకు కేబులు కలిపి, ల్యాబుకు వెళ్లకుండా ఇంట్లోనే బొమ్మను చూడగలగడం దీని ఆకర్షణ. ఆపిల్ సంస్థ 1997లో ఈ కెమెరాల తయారీని ఆపివేసింది.

4.2 క్యూవీ-10:
కేసియో సంస్థ దీనికి 1.8 అంగుళాల ఎల్‌సీడీ తెరను అమర్చింది. కంటితో చూసే విడి కిటికీ లేదు. తెరను చూస్తూనే ఫోటో తీయాలి, తీసిన వెంటనే అదే తెర మీద చూసుకోవాలి. కటకం ఉన్న భాగం తిరగడం వల్ల యజమాని తన ఫోటో తానే తీసుకోగలిగేవాడు. 2 మెగాబైట్ల మెమరీలో 96 చిత్రాలు పట్టేవి. నచ్చని చిత్రాన్ని విడిగా చెరపవచ్చు.

చిత్ర నాణ్యతలో ఇది క్విక్‌టేక్ కంటే తక్కువ; చిత్ర పరిమాణం 320×240 పిక్సెళ్లే. ఫ్లాష్ లేదు. తెర వెలగడానికి నాలుగు పెన్‌సైజు బ్యాటరీలు వేగంగా ఖర్చయ్యేవి. ఎండలో తెర సరిగా కనిపించేది కాదు. కేబులు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించడం నిదానంగా సాగేది. ఇన్ని లోపాలున్నా ఈ కెమెరాకు జపాన్‌లో మంచి ఆదరణ లభించింది. దానికి తెర ప్రధాన కారణం. ఫోటో తీసి, పక్కనున్నవారికి అక్కడికక్కడే చూపించి, అందరూ నవ్వుకుని, అవసరమైతే చెరిపి మళ్లీ తీయడం యజమానులకు కొత్త ఆనందాన్నిచ్చింది. కొన్నవారు దీన్ని మంచి ఫోటో తీసే సాధనంగా కాక, ఫోటోతో కాలక్షేపం చేసే సాధనంగా ఆదరించారని చెప్పవచ్చు. 2012లో జపాన్ జాతీయ ప్రకృతి, విజ్ఞానశాస్త్ర మ్యూజియం దీన్ని చారిత్రక ప్రాధాన్యం గల సాంకేతిక వస్తువుల పట్టికలో చేర్చింది.

5. పిక్సెళ్ల పరిమితి - ఒక లెక్క:
320×240 అంటే మొత్తం 76,800 చుక్కలు. స్పష్టమైన అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలనుకుంటే, ఈ చిత్రాన్ని ఒక అంగుళం వెడల్పున మాత్రమే అచ్చు వేయగలం. 640 పిక్సెళ్ల చిత్రం రెండంగుళాలకు సరిపోతుంది. సాధారణ 6×4 అంగుళాల ఫోటోకు 1800×1200 పిక్సెళ్లు కావాలి.

తెలుగు పరిశోధకులకు పరిచయమైన తాళపత్రంతో దీన్ని మరింత సులభంగా గ్రహించవచ్చు. 40 సెంటీమీటర్ల పొడవున్న ఒక పత్రాన్ని పూర్తిగా 320 పిక్సెళ్లలో బంధిస్తే సెంటీమీటరుకు 8 పిక్సెళ్లు వస్తాయి. 4 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి దక్కేవి మూడే. అందులో తలకట్టును, గుడిని, వట్రుసుడిని వేరుచేసి చదవడం అసాధ్యం. 640 పిక్సెళ్లకు ఆరు చుక్కలు వస్తాయి, అవీ చాలవు. 1600 పిక్సెళ్ల వెడల్పున్న రెండు మెగాపిక్సెళ్ల కెమెరాతో అదే అక్షరానికి 16 చుక్కలు దక్కుతాయి. చదవదగిన స్థితి అక్కడ మొదలవుతుంది. తొలి చౌక కెమెరాలు మనుషుల ముఖాలను గుర్తుపట్టించగలిగినా రాతప్రతులను చదివించలేకపోవడానికి కారణం ఇదే.

6. తెలుగు మాటల్లో మార్పు:
ఫిల్ము కాలంలో తెలుగువారు వాడిన మాటలను గమనిస్తే ప్రేరణార్థక క్రియలు ఎక్కువగా కనిపిస్తాయి. ఫోటో 'తీయించుకోవడం', రీలు 'కడిగించడం', ఫోటోను 'పెద్దది చేయించడం', పటం 'కట్టించడం' అందుకు ఉదాహరణలు. ఈ ప్రతి క్రియలోనూ యజమానితో పాటు మరొక కర్త ఉన్నాడు. అతడు స్టూడియో మనిషో, ల్యాబు మనిషో, పటాలు కట్టే మనిషో కావచ్చు. ఫోటో నలుగురి చేతుల మీదుగా ఇంటికి చేరేది.

డిజిటల్ కెమెరాతో వచ్చిన వాడుక వేరు. ఫోటో 'తీయడం', 'చూడటం', 'డిలీట్ చేయడం', కంప్యూటరులోకి 'ఎక్కించడం' అన్నీ యజమాని తానే చేసే పనులు. 'ఎక్కించు' రూపంలో ప్రేరణార్థకమే అయినా, ఇక్కడ ఎక్కేది ఫోటో, ఎక్కించేది యజమాని. పని చేసిపెట్టే మరొక మనిషి అందులో లేడు. ఫోటో 'దిగడం' అనే మాట మాత్రం రెండు కాలాల్లోనూ నిలిచింది. 'రీలు' అన్న మాట నేటి తరానికి ఫోనులో చూసే చిన్న వీడియోగా అర్థమవుతోంది. 'కడిగించడం' అన్న మాటను మా విద్యార్థులకు వివరించి చెప్పవలసి వస్తోంది.

ఇది కేవలం పదజాలంలో వచ్చిన మార్పు కాదు. కడిగించిన ఫోటోతో పాటు నెగెటివ్ కూడా ఇంటికి వచ్చేది. కాగితం పాడైతే నెగెటివ్ నుంచి మరొకటి వేయించుకోవచ్చు. అంటే రెండో ప్రతిని దాచే ఏర్పాటు ఆ పద్ధతిలోనే ఉంది. పని చేసిపెట్టే మనిషితో పాటు ఆ ఏర్పాటు కూడా పోయింది.

7. దాచడమనే భారం:
తొలి డిజిటల్ కెమెరాల యజమాని తెలియకుండానే తన చిత్రాలకు తానే భాండాగారి అయ్యాడు. ఈ బాధ్యతలో అతనికి ఎదురైన చిక్కులు మూడు.

మొదటిది ఫైలు రూపం. క్యూవీ-10 చిత్రాలు 'క్యామ్' అనే సొంత రూపంలో ఉండేవి. క్విక్‌టేక్ చిత్రాలకూ తమ సొంత రూపమే ఉంది. ఆయా సంస్థల సాఫ్ట్‌వేరు, దానికి తగిన పాత కంప్యూటరు లేకుండా అవి తెరుచుకోవు. కెమెరాలన్నీ చిత్రాలను ఒకే తీరున భద్రపరచాలన్న డీసీఎఫ్ నియమావళి 1998లో గాని రాలేదు. అంతకుముందు తీసిన చిత్రాలను యజమాని సకాలంలో జేపెగ్ రూపంలోకి మార్చుకుంటే దక్కాయి. డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామరు రూపొందించి ఉచితంగా అందించిన 'డీసీరా' వంటి సాధనాలు క్విక్‌టేక్ వంటి పాత కెమెరాల ఫైళ్లను నేటికీ చదవగలగడం మన అదృష్టం.

రెండవది దాచే వస్తువు. 1997లో సోనీ తెచ్చిన మావికా కెమెరాలు చిత్రాలను నేరుగా 1.44 మెగాబైట్ల ఫ్లాపీ మీద రాసేవి. అప్పట్లో ప్రతి కంప్యూటరుకూ ఫ్లాపీ అర ఉండటం వల్ల యజమానులకు అది గొప్ప సౌకర్యం. ఇప్పుడు ఆ అర ఏ కొత్త కంప్యూటరుకూ లేదు. మా ఇంటి సీడీ కథ కూడా ఈ కోవకే చెందుతుంది.

మూడవది ఎంపిక. రీలులో బాగా రాని ఫోటోలు కూడా నెగెటివ్‌లో మిగిలేవి. తెర మీద చెరిపిన ఫోటోకు ఏ ఆనవాలూ లేదు. కళ్లు మూసుకున్న ఫోటో, చెదిరిన ఫోటో పోయినప్పుడు వాటి వెనుక కనిపించే ఇల్లు, వీధి, వంటసామాను కూడా పోయాయి. సాంఘిక చరిత్రకారుడికి అవే అసలైన ఆధారాలు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్ దయాళ్ (1844-1905) గాజు పలకల నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరణలో ఉన్నాయి. వాటిలోని బొమ్మను గుర్తించడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు. పలకను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చాలు. అయితే ఆ పలకలు కూడా తమంతట తాము నిలవలేదు. వాటిని ఎవరో దాచారు, ఒక సంస్థ సేకరించింది. చౌక డిజిటల్ కెమెరాతో తీసిన కుటుంబ చిత్రాలకు అటువంటి సంస్థ ఏదీ ఇంకా మన ప్రాంతంలో ఏర్పడలేదు.

8. ముగింపు:
• తొలి చౌక డిజిటల్ కెమెరా ఫోటో తీసే ఖర్చును తగ్గించి, దాచే ఖర్చును పెంచింది. ఈ రెండో ఖర్చు యజమానికి కొన్న రోజున కనిపించలేదు. పదేళ్ల తర్వాత తెలిసింది.
• నాణ్యత తక్కువైనా క్యూవీ-10 వంటి కెమెరాలను జనం ఆదరించడానికి వెంటనే చూసే, చూపించే సౌకర్యం ప్రధాన కారణం. నేటి ఫోను కెమెరా అలవాట్లకు మూలం అక్కడ ఉంది.
• 'కడిగించడం' నుంచి 'ఎక్కించడం' దాకా వచ్చిన మార్పు, ఫోటో వెనుక ఉన్న వృత్తిదారులు తప్పుకున్న తీరును తెలుపుతుంది. ఆ వృత్తిదారుల మాటలను సేకరించే పని భాషా పరిశోధకులు త్వరగా చేపట్టాలి.
• క్షేత్రపర్యటనలో కుటుంబ ఛాయాచిత్రాలను సేకరించేవారు పాత ఆల్బములతో పాటు పాత సీడీలు, ఫ్లాపీలు, మెమరీ కార్డుల గురించి కూడా అడగాలి. కెమెరా పేరు, తీసినవారి జ్ఞాపకం, తీసిన సందర్భం రాసుకోవాలి. అసలు ఫైలును మార్చకుండా ఉంచి, కనీసం రెండు వేర్వేరు చోట్ల నకళ్లు భద్రపరచాలి.

1990ల చివరి నుంచి 2010 దాకా గడిచిన కాలం తెలుగు కుటుంబాల జీవితంలో పెద్ద మార్పులు వచ్చిన కాలం. విదేశాలకు వెళ్లినవారు, పల్లెలను విడిచినవారు, పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకున్నవారు ఎక్కువగా ఈ కెమెరాలతోనే ఫోటోలు తీశారు. వాటిలో ఇంకా తెరుచుకునేవి ఉన్నాయి. ఆలస్యం జరిగినకొద్దీ వాటి సంఖ్య తగ్గుతుంది. ఈ పని పరిశోధకులు తమ ఇంటి బీరువాలతో మొదలుపెట్టవచ్చు.