అమ్మమ్మగా రుద్రమదేవి: కాకతీయ వారసత్వంలో స్త్రీల స్థానం

ఓరుగల్లు నేలిన రుద్రమదేవి పేరు వినగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది ఖడ్గధారిణియైన ఒక యువతి రూపం. అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నవల మొదలుకొని 2015 నాటి చలనచిత్రం దాకా సృజనకారులు ప్రధానంగా ఆమె యౌవనాన్నే చిత్రించారు. ఆమె రాజ్యపాలనలో అత్యంత క్లిష్టమైన నిర్ణయం మాత్రం యౌవనానికి సంబంధించినది కాదు. కుమారులు లేని రుద్రమ తన కూతురి కొడుకును వారసునిగా నిలిపింది. వీరవనితగా ఆమెను కీర్తించే రచనలలో ఈ అంశానికి దక్కిన చోటు చాలా తక్కువ.

గణపతిదేవునికి పురుష సంతానం లేదు. అందుచేత ఆయన కుమార్తె రుద్రమను రాజ్యార్హురాలిని చేశాడు. శాసనాలలో ఆమె తరచుగా ‘రుద్రదేవ మహారాజు’గా కనిపిస్తుంది. సింథియా టాల్బట్ వంటి పరిశోధకులు ఈ పుంలింగ వ్యవహారాన్ని ప్రత్యేకంగా చర్చించారు. రాజపదవిని పురుషునిదిగానే భావించిన వ్యవస్థలో స్త్రీ ఆ పదవిలో నిలవడానికి అదొక మార్గం. అయితే బిరుదు మార్చినంతమాత్రాన సంతాన సమస్య తీరదు. నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునితో రుద్రమకు వివాహమైంది. వారికి కలిగినవారు కుమార్తెలే. వారిలో ముమ్మడమ్మ మహాదేవుని పెండ్లాడగా, రుయ్యమ ఇందులూరి అన్నయమంత్రికి భార్య అయింది. తండ్రి ఎదుర్కొన్న చిక్కే ఒక తరం గడిచాక కూతురికీ ఎదురైందన్నమాట.

ముమ్మడమ్మ కుమారుడే ప్రతాపరుద్రుడు. సాధారణ పితృవంశ న్యాయం ప్రకారం చూస్తే రుద్రమ సంతానం చాళుక్యులకు, ముమ్మడమ్మ సంతానం మహాదేవుని వంశానికి చెందాలి. కానీ ప్రతాపరుద్రుడు కాకతీయుడుగానే రాజ్యమేలాడు, కాకతీయుడుగానే కీర్తింపబడ్డాడు. అంటే వరుసగా రెండు తరాలపాటు ఆ వంశనామం స్త్రీల ద్వారానే నిలిచింది. పుత్రులు లేనివాడు కుమార్తెనే పుత్రస్థానంలో నిలిపి ఆమె కుమారుని తన వారసునిగా పొందవచ్చునని ధర్మశాస్త్రాలు చెప్పే పుత్రికా న్యాయం ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ న్యాయం ఒకసారి వర్తించడం విశేషం కాదు. ఒకే రాజవంశంలో వెంటవెంటనే రెండుసార్లు అక్కరకు రావడమే విశేషం. రెండవసారి దానిని నిర్వహించిన వ్యక్తి స్వయంగా స్త్రీ.

ఈ ఏర్పాటుకు సమర్థన అవసరమైందనడానికి విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ సాక్ష్యం. అలంకారశాస్త్ర గ్రంథమైన అందులో నాటక లక్షణాలకు ఉదాహరణగా ‘ప్రతాపరుద్ర కల్యాణం’ అనే నాటకం చేరి ఉంది. దౌహిత్రుని రాజ్యాభిషేకానికి అందులో కులదైవమైన స్వయంభూదేవుని స్వప్నాదేశమే మూలం. నిర్వివాదమైన వారసత్వానికి దైవాజ్ఞతో పనిలేదు. నాటకంలోని కలను చారిత్రక ఘటనగా స్వీకరించడం కుదరదు గాని, ఓరుగల్లు ఆస్థానంలో ఎటువంటి ప్రశ్నకు సమాధానం వెతికారో అది తెలియజేస్తుంది.

మనుమని పేరు కూడా ఆలోచింపదగినదే. తాతల, అవ్వల పేర్లు మనుమలకు పెట్టుకోవడం తెలుగువారి వాడుక. ప్రతాపరుద్రుని పేరులోని ‘రుద్ర’ శబ్దం గణపతిదేవుని పెదతండ్రి రుద్రదేవునిదీ, అమ్మమ్మదీ కూడా. శాసనాలు అతనిని కుమార రుద్రదేవుడని కూడా పేర్కొన్నాయి. ఫలితంగా ‘రుద్రదేవ మహారాజు’ అని మాత్రమే ఉన్న శాసనం దొరికినప్పుడు అది అమ్మమ్మదో మనుమనిదో శకసంవత్సరాన్ని చూసి నిర్ధారించుకోవలసి వస్తుంది. శాసన పరిష్కర్తలకు ఇది చిక్కే. రుద్రమకు మాత్రం ఆ అభేదమే కావలసి ఉండవచ్చు.

రుద్రమ మాతృత్వాన్ని గురించి చెప్పేటప్పుడు 1261 నాటి మల్కాపురం శాసనాన్ని ఉదాహరించడం పరిపాటి. గణపతిదేవుడు విశ్వేశ్వర శివాచార్యునికి ఇవ్వదలచిన మందడం గ్రామాన్ని, వెలగపూడితోపాటు రుద్రమ దానం చేసింది. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి ఇదే. ఆ గ్రామాల ఆదాయం మూడు భాగాలైంది. ఒకటి శివాలయానికి, మరొకటి విద్యార్థులకూ శైవమఠానికీ కేటాయించగా, మూడవ భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి చెందింది. ప్రసూతిశాల ప్రస్తావనను రాణి తల్లిమనసుకు నిదర్శనంగా చూపడం తొందరపాటే. ఈ సంస్థల నిర్వాహకులు గోళకీమఠ శైవాచార్యులు. అయినా స్త్రీల కాన్పు సంరక్షణకు భూమి ఆదాయాన్ని శాశ్వతంగా కేటాయించిన దానం ఒక రాణి పేరిట ఉండడం విస్మరింపరానిది.

విదేశీయుల దృష్టికి ఆమె మరో విధంగా కనిపించింది. మోటుపల్లి ప్రాంతాన్ని వర్ణించిన మార్కోపోలో అక్కడి రాణిని మరణించిన రాజు భార్యగా పేర్కొని, భర్త తరువాత నలభై ఏళ్లు ఆమె న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు. కుమార్తె పట్టమెక్కడం కంటే విధవ రాజ్యమేలడమే అతనికి సులువుగా బోధపడిందేమో. ఈ పొరపాటు వల్ల గణపతిదేవుడు చేసిన అసాధారణమైన ఏర్పాటు ఆ వర్ణనలో పూర్తిగా మరుగున పడింది.

రుద్రమ పాలన 1295 దాకా సాగిందని పూర్వ చరిత్రకారులు భావించేవారు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం ఆ అభిప్రాయాన్ని మార్చింది. శక సంవత్సరం 1211, విరోధి సంవత్సరం మార్గశిర మాసం, అనగా 1289 నవంబరు నాటి ఈ శాసనంలో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, శివలోకం చేరిన రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా భూదానం చేశాడు. రాణి, సేనాని ఒకేసారి స్మరింపబడడం, తిరుగుబాటుదారైన కాయస్థ అంబదేవుడు మరుసటి ఏడే త్రిపురాంతక శాసనంలో తన విజయాలను చాటుకోవడం కలిపి చూసి, ఇద్దరూ యుద్ధంలోనే మరణించారని పరిశోధకులు ఊహించారు. ఊహ బలమైనదే. అది నిజమైతే, మనుమడు ఎదిగిన తరువాత కూడా ఆ వృద్ధ రాణి దండయాత్రల భారాన్ని పూర్తిగా అతనికి అప్పగించలేదన్నమాట.

రాచవంశ ప్రశస్తులు రుద్రమను మహారాజుగా పొగిడితే, ఒక సేవకుని చిన్న దానశాసనం ఆమె మరణాన్ని భద్రపరచింది. 1289లోనే పట్టాభిషిక్తుడైన ప్రతాపరుద్రునికి అమ్మమ్మ వదిలిన సింహాసనంతోపాటు ఆమె శత్రువూ సంక్రమించాడు. 1291లో కాకతీయ సేన త్రిపురాంతకంపైకి నడిచింది. ఆ దండయాత్ర నాయకులలో రుయ్యమ భర్త ఇందులూరి అన్నయ ఒకడు.