హైదరాబాదులోని గోల్ఫ్ మైదానాలు

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో గల గోల్ఫ్ మైదానాలలో ముఖ్యమైనవి గోల్కొండ కోటలోని నయా ఖిల్లా మైదానం, గచ్చిబౌలి సమీపంలోని బౌల్డర్ హిల్స్ మైదానం, సికింద్రాబాదు కంటోన్మెంటులోని సైనిక మైదానం. వీటిలో నయా ఖిల్లా మైదానం 17వ శతాబ్దపు కోటగోడల మధ్య ఉండుట వలన ప్రత్యేకత సంతరించుకున్నది. ఆ కారణముగానే వివాదాస్పదము కూడా అయినది.

నేపథ్యం

గోల్ఫ్ క్రీడ ప్రస్తుత రూపంలో స్కాట్లాండులో పుట్టింది. 1457లో ఆ దేశ పార్లమెంటు విలువిద్య సాధనకు ఆటంకమని ఈ ఆటను నిషేధించింది. 1764లో సెయింట్ ఆండ్రూస్ మైదానంలో 18 గుంటల పద్ధతి స్థిరపడి, తరువాత అంతటా ప్రమాణమైనది. భారతదేశానికి ఈ ఆట ఆంగ్లేయులతో వచ్చింది. 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల ఏర్పడిన తొలి క్లబ్బుగా ప్రసిద్ధి చెందినది.

ఆటగాడు 'టీ' అనే స్థానం నుండి బంతిని కొట్టి, 'ఫెయిర్‌వే' అనే పచ్చిక బాట మీదుగా, 'గ్రీన్' అనే నున్నని పచ్చికలో ఉన్న 108 మిల్లీమీటర్ల వ్యాసం గల గుంటలోకి చేర్చాలి. మధ్యలో ఇసుక గుంటలు, నీటి మడుగులు, చెట్లు అడ్డంకులుగా ఉంటాయి. తక్కువ దెబ్బలలో ఆట ముగించినవారే విజేతలు. క్రికెట్ మైదానం వలె గోల్ఫ్ మైదానానికి నిర్ణీత ఆకారం లేదు. నేల ఎత్తుపల్లాలే ఆటకు స్వభావాన్ని ఇస్తాయి. 18 గుంటల మైదానానికి సాధారణంగా వంద ఎకరాలకు పైగా స్థలం కావాలి. అందువలన నగరంలో మైదానం ఎక్కడ ఏర్పడినా, ఆ భూమి అంతకుముందు దేనికి ఉపయోగపడినదనే ప్రశ్న తప్పదు.

నయా ఖిల్లా మైదానం

1656లో మొఘల్ దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. కోటకు ఈశాన్యంగా ఉన్న ఎత్తైన ప్రదేశం శత్రువుల ఫిరంగులకు అనుకూలమని ఈ దాడితో తేలింది. అబ్దుల్లా కుతుబ్‌షా (పాలన 1626-1672) ఆ ప్రదేశాన్ని చుట్టి కొత్త ప్రాకారం కట్టించాడు. దీనికే నయా ఖిల్లా, అనగా కొత్త కోట అని పేరు. 1687లో గోల్కొండ మొఘలుల వశమైనది.

నయా ఖిల్లా లోపల బురుజులతో పాటు ముల్లా ఖయాలీ మసీదు, ముస్తఫా ఖాన్ మసీదు, ప్రాచీన ఉద్యానవన అవశేషాలు ఉన్నాయి. 'హథియాన్ కా ఝాడ్' అని పిలువబడే బావొబాబ్ వృక్షం కూడా ఇక్కడే కలదు. ఆఫ్రికాకు చెందిన ఈ జాతి చెట్టు లావుపాటి కాండంలో నీటిని నిల్వ చేసుకొంటుంది. ఈ చెట్టు కాండం చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. దీని వయస్సు 400 సంవత్సరాలని ప్రతీతి.

1990లలో ఏర్పడిన హైదరాబాదు గోల్ఫ్ సంఘం ఈ ప్రాంతంలో మైదానాన్ని అభివృద్ధి చేసింది. ప్రస్తుతం ఇది 18 గుంటల మైదానం. వృత్తి క్రీడాకారుల గోల్కొండ మాస్టర్స్ పోటీలకు ఇది వేదిక అయినది.

వివాదం

నయా ఖిల్లాలో భూములు కలిగిన రైతులు, నగరంలోని స్వచ్ఛంద సంస్థలు మైదాన నిర్మాణాన్ని వ్యతిరేకించారు. నేలను చదును చేయుట, పచ్చికకు నిరంతరం నీరు పెట్టుట వలన భూగర్భంలోని అవశేషాలు దెబ్బతింటాయన్నది వారి ప్రధాన అభ్యంతరం. మైదానం వలన పర్యాటకం పెరుగుతుందని, ఖాళీ స్థలం ఆక్రమణల పాలు కాకుండా ఉంటుందని సమర్థకుల వాదన.

భారత పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన తవ్వకాలలో కుతుబ్‌షాహీ ఉద్యానవనపు నీటి కాలువలు, మట్టి గొట్టాలు, నడకదారులు బయటపడినవి. పైకి ఖాళీగా కనిపించే నేల కూడా చారిత్రక కట్టడంలో భాగమేనని దీనివలన రుజువైనది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి అవసరం. అదే సంవత్సరంలో గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినారు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినవి.

మైదానం ఏర్పడిన తరువాత బావొబాబ్ వృక్షాన్ని, మసీదులను చూడగోరే సందర్శకుల రాకపోకలపై పరిమితులు ఏర్పడినవి. అందరికీ చెందిన వారసత్వ స్థలంలో కొందరికే ప్రవేశమున్న క్రీడకు చోటివ్వవచ్చునా అన్నదే ఈ వివాదంలోని మూల ప్రశ్న.

ఇతర మైదానాలు

బౌల్డర్ హిల్స్ మైదానాన్ని దుబాయికి చెందిన ఎమ్మార్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థల ఉమ్మడి ప్రాజెక్టులో భాగంగా నిర్మించారు. దీని రూపశిల్పి పీటర్ హారడైన్. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి దక్కను గ్రానైటు బండలను తొలగించకుండా ఆటలో భాగంగా ఉంచుట దీని విశేషం. పేరు కూడా ఆ బండల నుండి వచ్చినదే. ప్రాజెక్టులో ప్రభుత్వ సంస్థ వాటా తగ్గింపు, విల్లాల అమ్మకాలపై ఆరోపణలు రాగా 2011లో ఉన్నత న్యాయస్థానం సీబీఐ దర్యాప్తుకు ఆదేశించినది.

సికింద్రాబాదు కంటోన్మెంటులోని మైదానం సైన్యం ఆధీనంలో నడుస్తున్నది. బ్రిటిష్ కాలం నుండి సైనిక స్థావరాలలో ఈ క్రీడకు గల స్థానాన్ని ఇది గుర్తుచేస్తుంది.