పాడి యందలి పాడి

మన భాషలో 'పాడి' యను మాటకు రెండర్థములు కలవు. పాలిచ్చు పశుసంపద యొకటి, న్యాయము రెండవది. 'ఇది నీకు పాడియా?' యని పెద్దలు నిలదీయుట మన మెఱిగినదే. ఈ రెండింటికిని మూల మొకటియో, వేఱో నిఘంటుకారులు తేల్చెదరు గాక. లెక్కలు వ్రాసికొని బ్రదుకు నావంటి వానికి మాత్రము, మొదటి పాడి యింట నుండియు రెండవ పాడి దక్కని రైతుల చరిత్రమే యెక్కువగా కనబడుచున్నది.

పాలకు వెలకట్టుట ధాన్యమునకు వెలకట్టుట వంటిది కాదు. ధర రానిచో ధాన్యమును గాదెలో పోసి రెండు నెలలు తాళవచ్చును. పొద్దున పిదికిన పాలు ఎండ ముదురునప్పటికి విఱిగిపోవును. కనుక కొనువాడు చెప్పినదే వెల. పైగా ఒక శేరు పాలు మఱియొక శేరు పాలతో సమానములు కావు. పశువు జాతిని, మేతను, ఈనిన నెలలను బట్టి వెన్న మాఱును. నీరు కలిపినచో చెప్పనేల!

ఈ చిక్కు ప్రాచీనులకును తెలియును. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణమున, గోవుల అధ్యక్షుని గూర్చిన ప్రకరణములో, ద్రోణము ఆవుపాలకు ప్రస్థము నేయి రావలెననియు, గేదెపాలకు అందుకంటె అయిదవవంతు అధికముగా రావలెననియు లెక్క చెప్పబడినది. ద్రోణమునకు 16 ప్రస్థములు. పాలకును నేతికిని ఒకే కొలత యనుకొన్నచో, ఆవుపాలలో నూటికి ఆఱుంబాతిక, గేదెపాలలో ఏడున్నర పాళ్లు నేయి యన్నమాట. గేదెపాల లెక్క నేటి పరీక్షలకు మిక్కిలి చేరువ. ఆవుపాల లెక్క కొంత హెచ్చు. అయినను ఆ గ్రంథకర్త అంకెలకే కట్టుబడక, భూమి, గడ్డి, నీరు మంచివైనచో పాలును నేయియు వృద్ధి యగుననియు, చిలికి చూచుటయే అన్నింటికిని ప్రమాణమనియు చెప్పినాడు. 1890లో అమెరికా దేశమున బాబ్‌కాక్ అను శాస్త్రజ్ఞుడు పాలలో ఆమ్లము పోసి, వేగముగా త్రిప్పి వెన్నపాలు తేల్చు పరీక్షను కనిపెట్టెను. అదియును ఒక విధమైన కవ్వమే కదా!

ప్రమాణము దొరికినంతనే న్యాయము దొరకదు. కవ్వము ఎవరి చేతిలో నున్నదనునదే ప్రశ్న. దీనికి గుజరాతులోని ఖేడా జిల్లా కథ సాక్ష్యము. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు పాలు తెప్పించు పథకము నారంభించి, ఆనంద్ ప్రాంతపు పాలు సేకరించు హక్కును పోల్సన్ కంపెనీకి ఇచ్చెను. నగరమున ధర కలదు, కంపెనీకి లాభము కలదు. పిదికినవానికి మాత్రము దళారి విసరినదే దక్కెను. రైతులు సర్దార్ వల్లభభాయి పటేలును ఆశ్రయించిరి. ఆయన మొరార్జీ దేశాయిని పంపెను. 1946 జనవరి 4వ తేదీన సమర్ఖా గ్రామమున సభ జరిగినది. ఊరూర సంఘము పెట్టుకొనవలెననియు, వానికొక సమితి యుండవలెననియు, ప్రభుత్వము ఆ సమితి వద్దనే పాలు కొనవలెననియు, కాదన్నచో కంపెనీకి చుక్క పాలు పోయరాదనియు తీర్మానించిరి. ప్రభుత్వము కాదన్నది. పదునైదు దినములు బొంబాయికి ఖేడా పాలు పోలేదు. పూటగడవని యింట పిదికిన పాలను అమ్మకుండుట యెంతటి కఠినవ్రతమో పాడి చేసినవారికే తెలియును. తుదకు ప్రభుత్వమే దిగివచ్చెను.

1946 డిసెంబరు 14వ తేదీన సమితి రిజిస్టరైనది. త్రిభువనదాస్ పటేలు అధ్యక్షుడు. 1948లో సేకరణ మొదలగునప్పటికి రెండే సంఘములు, దినమునకు 250 లీటర్ల పాలు! వేళాకోళము చేసినవారు లేకపోరు. మఱుసటి యేట వర్గీస్ కురియన్ ఆనంద్ చేరెను.

అప్పుడొక కొత్త కష్టము. చలికాలమున గేదెలు విరివిగా పాలిచ్చును. బొంబాయి అన్ని పాలు కొనజాలదు. మిగిలిన పాలు పారబోయవలెనా? గేదెపాలతో పొడి చేయుట సాధ్యము కాదని విదేశ నిపుణులు తలయూపిరి. హెచ్.ఎమ్. దలాయా అను ఇంజనీరు చేసి చూపెను. 1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ కర్మాగారమును ప్రారంభించెను. రైతునకు న్యాయమైన ధర నిలిచినది తీర్మానముల వలననే కాదు, ఈ పొడి వలనను అని నా నమ్మకము.

1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ యేర్పడెను. 1970లో క్షీరవెల్లువ పథకము మొదలయ్యెను. మన ప్రాంతమున విజయవాడలో 1969లో పాల కర్మాగారము వెలసినది. 1981లో రాష్ట్ర పాడి సహకార సమాఖ్య యేర్పడినది. 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టముతో కొన్ని జిల్లాల సమితులు ప్రభుత్వపు చేయి విడిచి తమ కాళ్లపై నిలిచినవి. అది మేలా కీడా యను వాదము మన రచ్చబండలపై నేటికిని తెగలేదు. సభ్యులు సర్వసభ్య సమావేశమునకు పోయి లెక్క లడుగు చోట మేలే జరుగునని నా యభిప్రాయము.

ఇక చట్టము మాట. 1991లో పాడి పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగినది. 1992లో కేంద్రము పాలు, పాల పదార్థముల ఉత్తర్వు తెచ్చి, దినమునకు 10,000 లీటర్లకు మించి పాలు నడుపువారు రిజిస్టరు కావలెనన్నది. తరువాత ఆ భారము 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రిందికి వచ్చినది. కల్తీ, శుభ్రత, వెన్నశాతము – వీనికెల్ల నియమములున్నవి. వరికిని ప్రత్తికిని ఏటేట కేంద్రము ప్రకటించు కనీస మద్దతు ధర మాత్రము పాలకు లేదు.