పాస్‌బుక్కులో అమ్మ పేరు

మా పాప సుకన్య సమృద్ధి ఖాతాకి సంరక్షకురాలిని నేనే. ఇందులో వింతేముంది అంటారా? అమ్మ సంతకానికి ఈ విలువ ఊరికే రాలేదండీ.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో మైనరు బిడ్డకి సహజ సంరక్షకుడు తండ్రి, ‘ఆయన తర్వాత’ తల్లి అని రాశారు. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అందులోనే ఉంది. సాకడానికి అమ్మ, సంతకానికి నాన్న అన్నమాట!

1984లో రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోయారు. సంరక్షకురాలిగా ఆవిడే ఉండాలని భార్యాభర్తలిద్దరూ కలిసి అనుకున్నదే. అయినా బ్యాంకు తండ్రి సంతకం కావాలంది. లేదంటే ఆవిడే సంరక్షకురాలని అధికారిక పత్రం తెమ్మంది. విషయం సుప్రీంకోర్టుకెళ్లింది.

1999 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. ‘తర్వాత’ అంటే తండ్రి పోయాక అని మాత్రమే కాదు. ఆయన బిడ్డను పట్టించుకోకపోయినా, దూరాన ఉన్నా, జబ్బుపడినా, ఇద్దరూ ఒప్పుకుని బాధ్యత తల్లికి అప్పగించినా ఆవిడే సంరక్షకురాలు అని కోర్టు చెప్పింది.

చట్టంలో ఆ ‘తర్వాత’ మాత్రం ఇంకా అలాగే ఉంది. అర్థమే మారింది.

అందుకే పిల్లల ఖాతా తెరిచేటప్పుడు ఫారం ఇంట్లోవాళ్ల చేతికిచ్చి ఊరుకోకండి. మీరూ వెళ్లండి, సంతకం పెట్టండి, పాస్‌బుక్కు మీ దగ్గర ఉంచుకోండి. పాపకి 18 నిండాక ఆ ఖాతా తనే చూసుకుంటుంది. అందాకా ఆ లెక్క మనకి తెలిసుండాలి కదా!